పొల్లు పోకుండా

అభ్యంతరం, అసలు ఎంత పెడసరం మాట అది, బస్సులో పక్క సీటాయన కిటికీ మూసేటప్పుడు మీకేం అభ్యంతరం లేదుగా అంటాడు, అక్కడ బాగానే ఉంటుంది, మరి బైబిల్ వాక్యంలో కాలి పక్కకి ఎలా వచ్చిపడింది, నీ కాలు నిన్ను అభ్యంతరపెడితే నరికి పారెయ్ అని, చిన్నప్పుడు తనకి ఎంత ఆలోచించినా బుర్రకెక్కేది కాదు, కాలు లేచి నిలబడి నాకు అభ్యంతరం ఉందండీ అంటుంది కాబోలు అనుకునేది, ఎవరి కాలు వాళ్ళకే ఎదురు చెప్పడమేమిటే పిచ్చి మొహమా అని అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది, నాన్న మాత్రం నవ్వకుండా, కుంచెని కిరసనాయిల్లో ఆడించి గుడ్డకి తుడుస్తూ, అభ్యంతరం అంటే అడ్డం పడటం తల్లీ, నడిచే మనిషి తట్టుకుని పడేలా చేసేది అని చెప్పేవాడు, ఏ మాట అడిగినా అలా కుంచె తుడుచుకుంటూనే చెప్పేవాడు, ఆ నాన్నే ఇప్పుడు ఈ తలుపుకి అవతల, కిటికీ పక్క మంచం మీద, కుడి పాదం రెండు దిళ్ళ మీద పెట్టుకుని పడుకున్నాడు, ఇందాక నర్సు అట్టకి తగిలించిన కాయితం తెచ్చి, తాతగారూ, ఆపరేషన్‌కి అభ్యంతరం లేదని ఇక్కడో సంతకం పెట్టండి అంటే, కళ్ళజోడు పెట్టుకుని పైనించి కిందిదాకా చదివి, అందులో ఒక మాటకి సున్నా లేదని వేలు పెట్టి చూపించి, ఆ తర్వాత నాకు అభ్యంతరం ఉంది అన్నాడు, పెన్నుకి మూత పెట్టి మరీ తిరిగిచ్చాడు.

రేపటిదాకా ఆగలేం అంది డాక్టరమ్మ, చిన్నపిల్ల, తనకన్నా బాగా చిన్నది, కుళ్ళు వేళ్ళు దాటి పాదంలోకి వచ్చేసింది, ఇవాళ చీలమండ పైదాకా తీసేస్తే మనిషి దక్కుతాడు, రేపైతే మోకాలంటాం, ఎల్లుండైతే ఏమీ అనలేం, ఆ ఏమీ అనలేం అనేటప్పుడు తన మొహంలోకి చూడకుండా గోడకేసి చూసింది, గోడ మీద గడియారం, అది నడుస్తోందా ఆగిందా, నడుస్తూనే ఉంది పాడుది, మధ్యాహ్నం రెండింటికి థియేటర్ ఖాళీ అవుతుంది, ఆలోపు ఒప్పించండి, కూతురు మాట వింటారుగా, వింటారుగా అట, ఆయన ఎవరి మాట విన్నాడని, ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అని అమ్మ అంటూ అంటూనే పోయింది, మూడే కాళ్ళు, ఛీ ఛీ, ఏమిటీ గుర్తు రావడం, ఇందాకటినుంచీ నోట్లోకి వచ్చే ప్రతి మాటకీ కాళ్ళే ఉంటున్నాయి, ఆ చివర మందుల కిటికీ నుంచి ఈ చివర చేతులు కడుక్కునే తొట్టిదాకా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది, నర్సు జాలిపడి, కాళ్ళో వేళ్ళో పట్టుకుని ఒప్పించండమ్మా అని, అన్న వెంటనే నాలిక్కరుచుకుని వెళ్ళిపోయింది, పాపం ఆవిడేం చేస్తుంది, మనిషన్నవాడు ఎవడైనా అలాగే అంటాడు, చర్చి అయ్యగారికి ఫోన్ చేస్తే ప్రార్థన చేస్తానమ్మా, ఆపరేషన్ సంగతి మాత్రం మీ ఇంటి విషయం, అందులో నేను వేలు పెట్టకూడదు అన్నాడు, అందరూ వేళ్ళూ కాళ్ళూ హాయిగా వాడేసుకుని తమ దారిన తాము పోతున్నారు, తనకి మాత్రం ఇవాళ ఒక్క మాటా మాటలా లేదు, ప్రతిదానికీ చర్మం ఉంది, వాసన ఉంది, ఆ గదిలోకి వెళ్ళగానే కొట్టే తియ్యటి కుళ్ళు వాసన. మెడలో ఏదో తగిలితే చూసుకుంది, కొలత టేపు, దుకాణంలోంచి అలాగే పరిగెత్తుకొచ్చేసింది.

దుకాణంలో తను చేసేది కత్తిరించడమే, జనం కొనుక్కున్న ప్యాంట్లకి పొడుగు తగ్గించడం, నడుం వదులు చెయ్యడం, పొద్దున ఎవరిదో ప్యాంటుకి సుద్దతో గీత గీస్తుంటే పక్కింటావిడ ఫోన్ చేసింది, మీ నాన్న రెండ్రోజులుగా తలుపు తియ్యట్లేదు, కిటికీ దగ్గరికి వెళ్తే వాసనొస్తోంది అని, ఆ సగం గీసిన ప్యాంటు బల్ల మీదే ఉంది, ఇక నాన్న ప్యాంట్లన్నిటికీ ఒక కాలు పొట్టి చెయ్యాలి, కుడి వైపు మడిచి లోపలికి కుట్టాలి, దేవుడా, ఇంకా సంతకమే కాలేదు నేను కుట్టేస్తున్నాను, సంతకం కాకపోతే ఏ ప్యాంటూ అక్కర్లేదు, ఆ మాట అనుకోకూడదు, రంగు డబ్బా మూత తొక్కాడట, అరికాలు తెగింది, చక్కెర జబ్బుకి పాదాల్లో స్పర్శ పోయి ఎన్నాళ్ళయిందో, నొప్పే తెలియలేదు, రక్తం చూసి ఎర్ర రంగు ఒలికిందనుకున్నాడట, ఎంత పెయింటరైతే మాత్రం, రంగుకీ రక్తానికీ తేడా తెలియదా, తర్వాత తెలిసింది, తెలిసి మేజోడు తొడిగేశాడు, తొడిగేసి ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాడు, ఎందుకంటే నీ ఎముకల్లో ఒక్కటి కూడా విరగదు అని రాసుంది కాబట్టి, నిచ్చెన మీంచి రెండుసార్లు పడి రెండుసార్లూ లేచి దుమ్ము దులుపుకుని, చూశావా అన్న మనిషి మరి, ఆయనకి అంతా రాసున్నట్టే, వీధి వీధంతా పొల్లు పెయింటర్ అని పేరు పెట్టింది అందుకే, దుకాణాల బోర్డులు రాసేవాడు, అక్షరం నెత్తిన పొల్లు ఒక్కటి తప్పినా బోర్డుని గుమ్మం దాటనిచ్చేవాడు కాదు, షాప్‌కి పొల్లు ఎగరగొట్టి పక్కన సున్నా చుట్టామనుకో, షాపం, శాపం తగిలినట్టే ఇక వ్యాపారానికి, అని వచ్చినవాళ్ళందరికీ అదే జోకు, నవ్వితే సరే, నవ్వకపోతే ఇంకోసారి, ఆదివారం చర్చిలోనూ అదే ధోరణి, ఆకాశం పోయినా భూమి పోయినా ఇందులో ఒక పొల్లూ ఒక సున్నా పోవని ఉంది, అది నాలాంటి పెయింటర్ల కోసమే రాశారు అనేవాడు, ఆరు రోజుల్లో లోకం అంటే ఆరు రోజులే, సోమవారం పొద్దున్నుంచి శనివారం సాయంత్రందాకా, చేప మనిషిని మింగిందంటే మింగిందే, కక్కిందంటే కక్కిందే, మరి ఆ చేపకి అజీర్తి చేసిందా నాన్నా అని అడిగితే మొట్టికాయ వేసేవాడు కానీ ఆలోచించేవాడు, చేసే ఉంటుంది, లేకపోతే ఎందుక్కక్కుతుంది అనేవాడు.

ఆ మొట్టికాయల నాన్నతో మాటలు ఎందుకు ఆగిపోయాయి, ఆగలేదు, పలచబడ్డాయి, బాగున్నావా, బాగున్నాను, మందులున్నాయా, ఉన్నాయి, అంతే, అంతకు మించి ఒక్క వాక్యం లేదు, వాక్యం వల్లే కదా అంతా, తను అప్పుడు చర్చిలో ఆదివారం పిల్లలకి పాఠం చెప్పేది, ఒక పిల్ల వచ్చింది, రెండు చేతులూ చంకల్లో దాచుకుని, ఎంత అడిగినా బయటికి తియ్యదు, చివరికి ఏడుస్తూ చెప్పింది, పక్కమ్మాయి రబ్బరు తీసేసిందట, నీ చెయ్యి అభ్యంతరపెడితే నరికెయ్యాలని, కన్నైతే పీకెయ్యాలని ఉందిగా టీచర్, ఎవరు నరుకుతారు, అమ్మా, మీరా అని, ఆ పిల్ల వణుకు ఇప్పటికీ తన ఒళ్ళో ఉన్నట్టే ఉంది, దాన్ని దగ్గరికి లాక్కుని, కాదమ్మా, అదొక పోలిక, చెడు అలవాటుని వదిలెయ్యమని గట్టిగా చెప్పడం, నిజంగా నరుక్కోవాలంటే ఈ చర్చిలో రెండు కళ్ళతో ఒక్కరూ మిగలరు అంది, పిల్లలు ఫక్కున నవ్వారు, ఆ పిల్ల కూడా నవ్వి చేతులు బయటికి తీసింది, తలెత్తి చూస్తే గుమ్మంలో నాన్న, గోడ మీద వాక్యం రాయడానికొచ్చాడు, చేతిలో కుంచె, కుంచె చివర నీలం చుక్క నేల మీద పడుతోంది, వంగి గుడ్డతో దాన్ని తుడిచాడు, ఆ వారమే పెద్దల సమావేశంలో లేచి నిలబడి, నా కూతురైనా సరే, పిల్లలకి చెప్పడానికి ఆమె తగదు అన్నాడు, ఇంట్లో చెప్పొచ్చుగా, నలుగురి ముందా, ఆ తర్వాత తను ఆ చర్చి గడప తొక్కలేదు, ఇంట్లోనూ ఉండలేక దుకాణం పైన గది తీసుకుంది. అమ్మ పోయిన ఏడే అది.

సరే అదంతా ఇప్పుడెందుకు, గంటన్నర కూడా లేదు, ఆలోచించు, ఏం చెప్తే వింటాడు, డాక్టరు మాట వినడు, నా ఏడుపు వినడు, వాక్యం ఒక్కటే వింటాడు, మరి వాక్యం ఉందిగా, చేతికందేంత దగ్గర ఉంది, రెండు పాదాలతో అగ్నిలో పడటం కన్నా ఒంటి పాదంతో జీవంలోకి వెళ్ళడం మేలు, ఇంతకన్నా స్పష్టంగా ఏ డాక్టరు చెప్పగలడు, నాన్నా, నీ అక్షరమే నీకు చెప్తోంది, పాదం తీసెయ్యమని, అంటే ఆయనేం అనగలడు, నోరెత్తలేడు, ముల్లుని ముల్లుతోనే తియ్యాలి, భలే, అనుకుని రెండడుగులు వేసి తలుపు మీద చెయ్యి వేసి మళ్ళీ వెనక్కి తీసుకుంది, తను నమ్మని అర్థం అది, ఏ అర్థం కాదన్నందుకు తనని వెళ్ళగొట్టారో ఆ అర్థమే మూటగట్టి ముసలాయన చేతిలో పెట్టి కత్తి కిందికి పంపుతానా, ఆయన నమ్మి వెళ్తాడు, నమ్మి వెళ్ళి బల్ల మీదే పోతే, గుండె అంత గట్టిగా లేదని కూడా అందిగా డాక్టరమ్మ, అప్పుడు నేను చేసిందేమిటి, మోసం, పోలికని పోలికని తెలిసి కూడా నిజమని చెప్పి చంపాను, చెప్పకపోతే, చెప్పకపోతే నిజాయితీగా చంపాను, ఎటు చూసినా నా చేతుల మీదుగానే, ఇదిగో మళ్ళీ చేతులు, టేపు వేలికి చుట్టి విప్పి చుట్టి వేలు తెల్లబడిపోయింది, తెల్లబడి చల్లబడింది, ఆయన వేళ్ళూ ఇలాగే మొదలయ్యాయేమో, చటుక్కున విప్పేసింది. చంపినా నేనే, బతికించినా నేనే, పోనీ అని తలుపు తోసింది.

నాన్న పైకప్పుకేసి చూస్తున్నాడు, కొలతలకొచ్చావా అన్నాడు తన మెడలో టేపు చూసి, పెట్టెకి కొలత తీసుకుంటావేమో, దానికింకా టైముంది అన్నాడు, ఈ మనిషికి ఇప్పుడు కూడా జోకులే, తను నవ్వలేదు, స్టూలు లాక్కుని పాదాల వైపు కాకుండా తల వైపు కూర్చుంది, గుడ్డ చుట్టిన ఆ పాదం కళ్ళ పడకుండా, నాన్నా ఒకటి అడుగుతాను, నీ కాలు నిన్ను అభ్యంతరపెడితే ఏం చెయ్యమని ఉంది, అంది, గొంతు తనది కానట్టుంది, పాఠం అప్పజెప్పే పిల్ల గొంతులా ఉంది, నాన్న తల తిప్పి తనని చూశాడు, దీని కోసమా ఇందాకటినుంచీ వరండాలో చెప్పులు అరగదీస్తున్నావు అన్నాడు, ఉంది కదా నాన్నా, పొల్లు పోకుండా ఉంది కదా, ఒంటి పాదంతో అయినా జీవంలోకి వెళ్ళడం మేలని, అంది, అంటుంటే మొహం మండిపోతోంది సిగ్గుతో, నాన్న నవ్వాడు, పళ్ళు కనబడని నవ్వు, అదొక పోలిక తల్లీ అన్నాడు, చెడు అలవాటుని వదిలెయ్యమని గట్టిగా చెప్పడం, నిజంగా నరుక్కోవాలంటే ఈ చర్చిలో రెండు కళ్ళతో ఒక్కరూ మిగలరు.

ఎక్కడో విన్నానీ మాట అనుకుంది ముందు, ఎవరిదో బాగా తెలిసిన మాట, ఆ తర్వాత తెలిసింది, తనదే, తన మాటే, గట్టిగా చెప్పడం అన్న చోట గట్టిగా కూడా పోలేదు, రెండు కళ్ళతో అన్న చోట తో కూడా పోలేదు, అది నా మాట కదా నాన్నా అంది, నీదే, కాదన్నానా అన్నాడు, ఆ రాత్రంతా తిప్పి తిప్పి చూశాను, ఎక్కడైనా తప్పు పట్టుకుందామని, దొరికితేనా, బోర్డు రాసినట్టు రాశావు, ఒక్క పొల్లు పోలేదు, మరి దొరక్కపోతే నలుగురిలో నన్నెందుకు తగదన్నావు, అని అడిగేసింది, ఇన్నేళ్ళు నాలిక కింద పెట్టుకున్నది ఇంత సులువుగా బయటికొచ్చేసింది, నాన్న దుప్పటి అంచు సరిచేసుకున్నాడు, సరిగ్గానే ఉన్న అంచుని మళ్ళీ సరిచేశాడు, భయమేసింది అన్నాడు, ఇదొక్కటి పోలికైతే పక్కదీ పోలికేమో, దాని పక్కదీ, అలా పోతూ పోతూ చచ్చినవాళ్ళు లేస్తారన్నది కూడా పోలికైపోతే, మీ అమ్మని పెట్టెలో పెట్టి మూడు నెలలు కూడా కాలేదే అప్పటికి, మళ్ళీ చూస్తాననేది కూడా ఉత్త మాటే అయిపోతే నేనేమైపోవాలి, చెప్పు, అందుకని నీ నోరు మూయించాను, కూతురి నోరు మూయించి పెళ్ళాన్ని కాపాడుకున్నాను అనుకో. తను ఆయన వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు, వాదన అనుకుంది, పంతం అనుకుంది, కుందేలు కాళ్ళు అనుకుంది, ఇంతా చేస్తే ముసలాయనకి భార్య కావాలి.

మరి కాలు నాన్నా, టైమైపోతోంది, కాలు తీస్తే అమ్మ లేవదా అంది, కోపం వచ్చినట్టే ఉంది, ఏడుపూ వచ్చినట్టే ఉంది, మీ అమ్మ లేస్తుందే, నేనెలా లేస్తాను, అన్నాడు, అందరూ లేచే రోజున మీ అమ్మ ఎదురొస్తే నేను కుంటుకుంటూ వెళ్ళాలా, అది నాలో మొదట చూసింది కాళ్ళే తెలుసా, మిఠాయి కొట్టు బోర్డు రాస్తున్నా, నిచ్చెన చివరన ఉన్నా, కింద నుంచి చూస్తే కాళ్ళు తప్ప ఇంకేం కనబడతాయి, కాళ్ళ నిండా రంగే, ఎవరండీ ఆ రంగురంగుల కాళ్ళాయన అని కొట్టువాణ్ణి అడిగిందట, ఆ తర్వాత కదా మొహం చూసింది, చూసి కాళ్ళే నయం అంది, అంటూ నవ్వబోయి నవ్వు సగంలోనే పాడైపోయింది, తను లేచింది, లేచి మొదటిసారి పాదాల వైపు వెళ్ళింది, ఆ వాసనలోకి, గుడ్డ చుట్టిన కుడి పాదాన్ని కాదు, దాని పక్కన పాపం ఎవరూ పట్టించుకోని ఎడమ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది, గోరు పక్కన ఇంకా ఏదో పచ్చ రంగు, ఎన్నేళ్ళనాటిదో, గోకినా పోదు, ఇది చాలదా నాన్నా అంది, అన్నీ కనిపెట్టే అమ్మకి నిన్ను గుర్తుపట్టడానికి రెండు కాళ్ళు కావాలా, ఒక్క దానికే ఇంత రంగుంటే, అంది, వాక్యం ఏదీ గుర్తు రాలేదు, వెతకనూ లేదు, నాన్న తలెత్తి ఆ పచ్చ రంగు గోటికేసి చూసుకుని, ఆ కాయితం ఇలా పట్రమ్మను, సున్నా మాత్రం పెట్టించాకే సంతకం అన్నాడు.

నర్సు సున్నా తనే పెన్నుతో చుట్టింది, ఇంత పెద్దది, నాన్న మొహం చిట్లించాడు కానీ పెట్టాడు సంతకం, ఆ తర్వాత అన్నీ గబగబా అయిపోయాయి, చక్రాల మంచం, ఆకుపచ్చ దుప్పటి, కళ్ళజోడు తీసి తన చేతికిచ్చారు, కళ్ళజోడు లేని నాన్న ఎవరో తెలియని ముసలాయనలా ఉన్నాడు, థియేటర్ తలుపు దగ్గర ఇక ఇక్కడే ఉండిపోండి అన్నారెవరో, నాన్న చెయ్యి గాల్లో వెతికింది, తను పట్టుకుంది, భయమేస్తోందే అన్నాడు, వంగింది, నాక్కూడా నాన్నా అంది, నేను లేచేటప్పటికి నువ్వుంటావా అన్నాడు, ఏ లేవడం, మత్తు దిగి లేవడమా, ఆ రోజున మట్టి దులుపుకుని లేవడమా, రెండింటికీ ఆయన దగ్గర మాట ఒకటే, ఎప్పుడూ ఒకటే, ఏది నాన్నా అని అడగడానికి నోరు తెరిచింది కూడా, మంచం చక్రాలు కదిలాయి, ఉంటాను నాన్నా అంది, ఉంటావుగా, ఉంటాను, తలుపు మూసుకుంది. అన్నాక ఆ మాట తన చెవుల్లోనే ఉండిపోయింది, అలవాటు కొద్దీ దాన్ని విప్పి చూసింది, లోపల ఇంకో అర్థం ఉందేమోనని, లేదు, ఉంటాను అంటే ఉంటాను, అక్షరాలా, ఇందులోంచి ఒక్క పొల్లు పోయినా లోపల ఆ మనిషి ఏమైపోతాడు, ఓహో, ఆయన ఇన్నేళ్ళూ చదివింది ఇలాగా, లోకం ఎన్ని రోజుల్లో పుట్టిందో తెలుసుకోవడానికి కాదు, చేప సంగతీ కాదు, ఎవరో తనకి మాటిచ్చారని చదువుకున్నాడు, భయపడే మనిషికి ఇచ్చిన మాటని ఇచ్చినట్టే నిలబెట్టాలి, అంతే, ఇంకేం లేదు. కళ్ళజోడు ఒళ్ళో పెట్టుకుని, తలుపు తెరిస్తే ఎదురుగా కనబడే బెంచీ మీద కూర్చుంది.